ఈ ఏడాది మన సంఘం పనులు, మధ్యలో సుల్తాన్ బజార్ సంగతులు

సభ్యులందరికీ నమస్తే. వాటర్ ట్యాంక్ రెండుసార్లు కడిగించినం, గణేష్ నవరాత్రులు మంచిగనే జరిగినయి, చందాల లెక్క ఆఫీస్ రూమ్ గోడకి అంటించినం, చూసుకోండి. ఇంక అసలు సంగతికొస్తా, ఎందుకంటే ఈసారి ఏ మీటింగు పెట్టినా మాట తిరిగి తిరిగి మన హైదరాబాద్ సుల్తాన్ బజార్ దగ్గరికే పోయింది.

ఒకరోజు పెద్దోళ్లు, పిల్లలు కలిసి బజార్ అంతా నడిచొచ్చినం. 1933 దాకా ఇది బ్రిటిషోళ్ల చేతిలో ఉన్న రెసిడెన్సీ బజార్ అని, నిజాంకి వాపస్ ఇచ్చినంకనే సుల్తాన్ బజార్ అయిందని చెప్తే పిల్లలు నమ్మలేదు. 1901లో పెట్టిన లైబ్రరీ, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం కూడా చూపించినం, వాళ్ల ధ్యాసంతా చాట్ మీదనే.

మ్యాచింగ్ సెంటర్ కాడ మాత్రం చాలాసేపు ఆగినం. చీర కొంగు, జాకెట్ ముక్క పట్టుకుని షాపు కుర్రాడు బయటికొచ్చి ఎండలో పక్కపక్కన పెట్టి చూపించేటోడు గుర్తుందా, ట్యూబ్‌లైట్ కింద మెరూన్‌కి రాణీ కలర్‌కి తేడా తెలవదు మరి. ఇప్పుడు నెత్తి మీద మెట్రో, పన్నెండింటికి కూడా నీడే, పాపం ఆ కుర్రాడు పిల్లర్ దాటి సందు మొదట్లో ఇంత ఎండ పడ్డ కాడికి నడిచిండు, వెనకాల మన ఆడవాళ్లు నలుగురు.

మెట్రో వద్దని వ్యాపారస్తులు ఏండ్ల తరబడి కొట్లాడిన్రు, అయినా 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)–ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) మెట్రో లైన్ మొదలైంది, నెలన్నర తిరక్కముందే లాక్‌డౌన్ పడ్డది. కానీ స్టేషన్ వచ్చినంక సికింద్రాబాద్ దిక్కు నుంచి వచ్చేటోళ్లకి సుఖమైంది, అది కూడా ఒప్పుకోవాలె. పార్కింగ్ గురించి మనం ఇచ్చిన కాగితానికైతే ఇంకా జవాబు లేదు.

ఇంకోటి చెప్పాలె, ఎవరూ ఏమనుకోవద్దు. బజార్ కళ తప్పిందని మీటింగులో గంటసేపు బాధపడ్డం, బయటికొచ్చి చూస్తే గేటు కాడ ముగ్గురు డెలివరీ పిల్లలు మన పార్సిళ్లే పట్టుకుని నిలబడ్డరు, అందుట్ల ఒకటి మా ఇంటిదే, చున్నీ. రంగు కలవలేదు, వాపస్ పంపినం.

పండగలకి సంఘం తరఫున కొనే బట్టలు, డెకరేషన్ సామాను బజార్లనే కొనాలని ఒక ప్రపోజల్ ఉంది. ఆన్‌లైన్ల రేటు తక్కువని ఇద్దరు అభ్యంతరం చెప్పిన్రు. వచ్చే మీటింగుల చేతులెత్తిస్తం, అందరు రాండ్రి.