మా షాపు పాత విండోస్‌ను ఉబుంటులోకి తెచ్చిన తమ్ముడికి

పెళ్లిళ్ల సీజన్‌లో రోజుకు పదిసార్లు కంప్యూటర్ రీస్టార్ట్ చేయడం ఎంత విసుగో డీటీపీ చేసేవాళ్లకు తెలుసు. మా షాపు సిస్టమ్‌లో విండోస్ 7, ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) రెండూ ఉన్నాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలంటే రీస్టార్ట్ చేయాల్సి వచ్చేది. మెయిళ్లు, బిల్లులు ఉబుంటులో. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు విండోస్‌లో. పన్నెండేళ్ల శుభలేఖలన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షరాల కోడ్) కావు కాబట్టి, ఫాంట్లు లేనిచోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి.

మొన్న ఆదివారం ఒక తమ్ముడు వచ్చి, ఆ విండోస్ ఉన్న డిస్క్ భాగాన్నే (పార్టిషన్) ఉన్నది ఉన్నట్టు, ఉబుంటులోనే మరో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడిచేలా చేసి వెళ్లాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను.

రాగానే అడిగింది ఒకటే: "బ్యాకప్ ఉందా అన్నా?" లేదు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి అంతా కాపీ అయ్యేదాకా, రెండున్నర గంటలు, ఇంకే పనీ మొదలుపెట్టలేదు.

తర్వాత విండోస్ పార్టిషన్లు రెండే కనబడేలా, ఉబుంటుది దాచేసి, వర్చువల్‌బాక్స్‌కు డిస్క్‌లా కనిపించే చిన్న వీఎండీకే ఫైలు తయారుచేశాడు. స్టార్ట్ చేస్తే నల్లటి స్క్రీన్ మీద 'గ్రబ్ రెస్క్యూ'! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తను మాత్రం నింపాదిగా చెప్పాడు: డిస్క్ మొదట్లో ఉన్నది ఉబుంటు పెట్టిన గ్రబ్ (సిస్టమ్‌ను స్టార్ట్ చేసే ప్రోగ్రామ్), దాని మిగతా ఫైళ్లున్న పార్టిషన్‌ను మనమే దాచాం కదా అని. అసలు డిస్క్ జోలికి పోకుండా, ఆ వీఎండీకేకి మాత్రం వేరే ఎంబీఆర్ (డిస్క్ మొదట్లో ఉండే స్టార్టప్ కోడ్) ఇచ్చాడు. ఈసారి విండోస్ లోగో వచ్చింది, ఆ వెంటనే బ్లూ స్క్రీన్, ఎర్రర్ చివర 7బీ, అంటే విండోస్‌కు తన డిస్క్ అందలేదని. మా విండోస్ ఐడీఈ అనే పాత డిస్క్ పద్ధతిలో వేసినది, వర్చువల్‌బాక్స్‌లోని మెషీన్‌లో సాటా అనే కొత్త పద్ధతి కంట్రోలర్ ఉంది. దాన్ని ఐడీఈకి మార్చగానే మా అమ్మాయి ఫోటో ఉన్న పాత డెస్క్‌టాప్ ఉబుంటు కిటికీలో ప్రత్యక్షమైంది.

వెళ్తూ వెళ్తూ, తప్పుపడిన ఒక శుభలేఖ వెనక రాసి మానిటర్‌కు అంటించాడు: "విండోస్ పార్టిషన్ ఉబుంటులో మౌంట్ అయి ఉంటే మెషీన్ స్టార్ట్ చేయొద్దు. సేవ్ స్టేట్ వద్దు, షట్‌డౌనే." మెషీన్ అంటే వర్చువల్‌బాక్స్‌లోని విండోస్, మౌంట్ అంటే ఉబుంటులో తెరిచి ఉండటం, సేవ్ స్టేట్ అంటే విండోస్‌ను మధ్యలోనే ఆపి ఉంచడం. రెండు సిస్టమ్‌లూ ఒకేసారి ఆ పార్టిషన్‌లో రాస్తే ఫైళ్లు పాడైపోతాయట. విండోస్ 7కి 2020 జనవరిలోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి దానికి నెట్ కూడా తీసేశాడు.

డబ్బులిస్తే తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు. నిన్న ఒక్క రీస్టార్ట్ కూడా లేకుండా మూడు శుభలేఖలు ప్రింటింగ్‌కు పంపాం. తమ్ముడూ, చాలా చాలా థాంక్స్. నీ పెళ్లి శుభలేఖ మా షాపులోనే, డబ్బు మాట ఎత్తకూడదు.