ఆ రెండో పేరా తీసేయి, బంగారూ

బంగారూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన దరఖాస్తు రెండుసార్లు చదివాను. చేసిన పనుల గురించి రాసిన భాగం చాలా బాగుంది. కానీ అక్కడిదాకా వచ్చేలోపే ఫొటో, పుట్టినతేదీ, మతం, పెళ్లయిందా లేదా, ఇంటి నంబరుతో సహా చిరునామా అన్నీ ఉన్నాయి. ఏదో పాత బయోడేటా నమూనా తీసుకుని నింపేసినట్టున్నావు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నేను ఆఫీసులో దరఖాస్తులు వడపోసే రోజుల్లో ఒకావిడ, తనకు ఇద్దరు చిన్నపిల్లలని రాసింది. అర్హతలన్నీ ఉన్నాయి. సెలవులు ఎక్కువ పెడుతుందేమో అనుకుని ఆ కాగితం పక్కన పెట్టేశాను. అప్పటికి నీకు మూడేళ్లు. నిన్ను ఇంట్లో వదిలి రోజూ ఆఫీసుకి వెళ్తున్న నేనే ఆ పని చేశాను. ఆ ఒక్క లైను లేకపోతే ఆవిడను తప్పకుండా ఇంటర్వ్యూకి పిలిచేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. అమెరికాలో బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమేలు పంపి చేసిన పరిశోధన ఒకటి 2004లో అచ్చయింది. అర్హతలు ఒకేలాంటివి, పేర్లే వేరు. తెల్లవాళ్ల పేర్లుగా అనిపించేవాటికి నల్లవాళ్ల పేర్లుగా అనిపించేవాటికంటే 50 శాతం ఎక్కువగా పిలుపులు వచ్చాయి. పేరు ఎలాగూ దాచలేం. మిగతావైనా మనం చేతికివ్వకుండా ఉండొచ్చు కదా.

నన్ను ఎక్కువ ఆపింది నీ లెటర్లో రెండో పేరా. ఏడాదిన్నర ఉద్యోగం ఎందుకు మానేశావో చెప్పడానికి నాన్న ఆపరేషన్, ఆ తర్వాత ఆయన పడ్డ అవస్థ అంతా రాశావు. నువ్వు ఆయన కోసం ఏం చేశావో నాకు తెలుసు, అందుకే చదువుతూ ఏడ్చాను. కానీ అది ఆయన ఆరోగ్యం సంగతి. ఎవరికి చెప్పాలో ఆయన ఇష్టం. "కుటుంబ బాధ్యతల వల్ల విరామం తీసుకున్నాను, ఇప్పుడు పూర్తి సమయం పని చేయగలను" అను, చాలు. ఇందులో అబద్ధం లేదు. అడగనిది రాయకపోవడం అబద్ధమాడటం కాదు. నియమాల ప్రకారం వయసు రుజువు కావాలన్నచోట మాత్రం ఉన్నదున్నట్టు ఇవ్వు.

ఊరు, ఫోను, ఈమెయిలు ఉంటే సరిపోతుంది. గుర్తింపు కార్డు కాపీ, బ్యాంకు ఖాతా నంబరు ఆఫర్ వచ్చాక, ఆ సంస్థ నిజంగా ఉందని నువ్వే కనుక్కున్నాక ఇవ్వాలి. ఇంటర్వ్యూ కూడా కాకముందే అవి అడిగితే నాకు వెంటనే ఫోన్ చెయ్యి. దొంగ ప్రకటనలవాళ్లకు కావలసింది అవే. నీ పాత మేనేజరు నంబరు కూడా ఆయన్ను అడగకుండానే ఇచ్చేశావు. ముందు అడుగు. ఫైలు పంపేముందు దాని ప్రాపర్టీస్ కూడా చూడు, రచయిత అన్నచోట వేరే ఎవరి పేరో ఉంది.

ఇవన్నీ సరిచేసి సాయంత్రంలోగా నాకు పంపు, నేను మేలుకునే ఉంటాను. నాన్న కూడా చదువుతానంటున్నారు. ఆ పేరా సంగతి ఆయనకింకా చెప్పలేదు.

అమ్మ