ఒథెల్లోలో ఎమీలియా సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం పేజీలో షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లో మీద వ్యాసం చదివానండి, బాగుంది గానీ మొత్తం విలన్ ఇయాగో చుట్టూనే తిప్పేశారు, అతని పెళ్లాం ఎమీలియాకి రెండు లైన్లు కూడా దక్కలేదు. ఒథెల్లో భార్య డెస్డెమోనా దగ్గర్నుంచి కింద పడిపోయిన జేబురుమాలు తీసి మొగుడి చేతిలో పెట్టిందీ ఆవిడే, చివరి సీన్లో మొగుడు కత్తి దూసినా నోరు మూసుకోకుండా నిజం చెప్పేసి ప్రాణం పోగొట్టుకుందీ ఆవిడే, అప్పటిదాకా అందరి చెవులూ కొరికిన ఇయాగో మాత్రం ఇక ఒక్క ముక్క మాట్లాడనంటాడు. ఒథెల్లోకి భార్య మీద అనుమానం పుట్టించిన, స్ట్రాబెర్రీలు కుట్టిన ఆ చిన్న గుడ్డ మీద కథంతా నిలబెట్టడం మామూలు పనా! ఇయాగో తన ప్లానంతా స్వగతంలో మనకి ముందే చెప్పేస్తాడు కదా, అందుకే ఒథెల్లో వాణ్ణి నిజాయితీపరుడు అన్నప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. డ్రమాటిక్ ఐరనీ అంటే ఇదేనండి, పాత్రకి తెలియనిది చూసేవాళ్లకి ముందే తెలియడం, మా విజయనగరంలో డిగ్రీ పిల్లలేమో గైడు చూసి డెఫినిషన్ బట్టీ పట్టేస్తున్నారు, 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడిన ఊళ్లో ఇలా జరగడం నాకు చాలా బాధగా ఉంది. వాళ్ల కోసమైనా ఎమీలియా మీద ఒక మంచి వ్యాసం వేయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయనగరం