గేటు రంగుకి ఇకపై 2 రోజులు చాలవండి

ఈ వర్షాల తర్వాత మా షెడ్డుకి తిరిగొచ్చిన గేట్లు, గ్రిల్స్ ఎక్కువగా విశాఖలో సముద్రం దగ్గరున్న బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ, రుషికొండ వైపువే. పైన మెరుపు అలాగే ఉంది. అడుగు పట్టీల దగ్గర, వెల్డింగ్ అతుకుల దగ్గర మాత్రం బొబ్బలు, గోరుతో గీకితే పెచ్చులు. రంగు డబ్బాని తిట్టి లాభం లేదు, తప్పు మా పనిలోనే ఉంది. పద్ధతి మారుస్తున్నాం. 2 రోజుల పని 5 రోజులవుతుంది, కూలీ కూడా కొంత పెరుగుతుంది.

అసలు దొంగ ఉప్పు. సముద్రపు గాలితో వచ్చి తుప్పు గుంటల్లో దిగిపోతుంది. పొడిగా వైర్ బ్రష్ కొడితే ఇనుము తళతళలాడుతుంది గానీ ఉప్పు కదలదు. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా, ఆ పొర గుండానే తేమని లోపలికి లాక్కుని బొబ్బ లేపుతుంది. ఇకనుంచి ముందు గీకి, మంచినీళ్లు పోసి నైలాన్ బ్రష్‌తో రుద్ది కడిగి, ఆరబెట్టి, ఓ రాత్రి వదిలేస్తాం. తెల్లారి పలచగా పసుపు తుప్పు పడితే భయం లేదు, ఎమరీ కాగితంతో పోతుంది. గుంటల్లో తడితడిగా నల్లచుక్కలు కనిపిస్తే ఉప్పు ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడగాల్సిందే. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లతో కడగడం కంటే కడగకపోవడం నయం.

పాత రంగు గట్టిగా పట్టుకుని ఉంటే మొత్తం తీయం. ఊడిన చోట అంచుని 80, ఆపైన 120 నంబరు ఎమరీతో మెట్టు తగలకుండా సాపు చేస్తే చాలు. నాలుగైదు కోట్లు పేరుకుపోయి పగుళ్లిచ్చిన గేటుకి మాత్రం రిమూవర్ పూస్తాం. 15 నిమిషాల్లో రంగు ముడతలు పడి లేస్తుంది. అందులోని మైనం ఇనుము మీద మిగిలిపోతుంది, తిన్నర్ గుడ్డతో తుడవకపోతే కొత్త రంగు పట్టదు. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుని పొడి ఎమరీతో రుద్దకండి, మంట పెట్టి కాల్చకండి. తడి ఎమరీ వాడండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

రెండో తప్పు జీఐ పైపుల (జింక్ పూత ఉన్న ఇనుప పైపుల) మీద మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (అడుగు పూత) కొట్టడం. ఆ ప్రైమర్‌లోని నూనె జింక్‌తో కలిసి సబ్బులా మారుతుంది. ఏడాది తిరిగేసరికి పొర మొత్తం తొక్కలా ఊడొస్తుంది. జీఐకి ఇకపై ఎచ్ ప్రైమర్ (జింక్‌ని కొద్దిగా కొరికి పట్టుకునే పలచని పూత), దానిమీద ఎపాక్సీ (హార్డెనర్, అంటే గట్టిపరిచే మందు కలిపి వాడే రంగు). ఈ కారణంగా ఊడిన గేట్లన్నీ మా ఖర్చుతోనే మళ్లీ వేస్తాం, తీసుకురండి.

జింక్ పూత లేని మామూలు ఇనుముకైతే: అంచులకీ అతుకులకీ ముందు బ్రష్‌తో ఒక చుట్టు, ఎందుకంటే పదునైన అంచు మీద రంగు నిలవక జారిపోయి పలచబడుతుంది. తర్వాత తుప్పుని అడ్డుకునే జింక్ ఫాస్ఫేట్ కలిసిన ఎపాక్సీ ప్రైమర్ 2 కోట్లు, ఒక్కోటి ఆరాక 50 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆపైన పీయూ (పాలీయురెథేన్) పైకోటు. ఎపాక్సీని ఎండకి వదిలేస్తే సుద్దలా రాలుతుంది, అందుకే పీయూ తప్పదు. హార్డెనర్ కలిపిన ఎపాక్సీ ఎండాకాలం డబ్బాలోనే త్వరగా చిక్కబడుతుంది. అప్పుడు తిన్నర్ పోసి సాగదీసే అలవాటు మేస్త్రీలందరికీ ఉంది, మా దగ్గర ఇక బంద్.

ఇంకోటి, సాయంత్రం 4 దాటాక పైకోటు కొట్టం. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే సుమారు 26 డిగ్రీలకి చల్లబడ్డ ఇనుము మీదే మంచు చెమ్మ పడుతుంది. ఇనుము ఆ 26 కంటే కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. లేకపోతే రంగు మీద మసక తెలుపు కమ్ముతుంది. ముసురు పట్టిన రోజు పని ఆగుతుంది, ఫోన్ చేసి తొందర పెట్టకండి.

కొత్త గేటు చేయించేవాళ్లు వెల్డర్‌కి ఒక మాట చెప్పండి: చదరపు పైపు అడుగున 8 ఎంఎం బెజ్జం వదలమని. నీరు దిగే దారి లేకపోతే పైపు లోపలినుంచి తినేస్తుంది, బయట మేమేం పూసినా ఆగదు.