కల్లు బాధితుడికి వైద్యం, గంజాయి బాధితుడికి కేసు

సంపాదకులకు నమస్కారం.

గంజాయితో పట్టుబడిన యువకులకు ముసుగులు తొడిగి, అధికారుల వెనుక వరుసగా నిలబెట్టిన ఫొటోలు వరంగల్ జిల్లా పేజీలకు కొత్త కావు; మీ పత్రిక కూడా వాటిని వేస్తూనే ఉంది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు నుంచి కిలోలకొద్దీ సరుకు తరలించే ముఠాలను పట్టుకుంటే ఎవరూ కాదనరు. జేబులో చిన్న పొట్లంతో దొరికిన డిగ్రీ విద్యార్థిని కూడా అదే వరుసలో నిలబెట్టడమే నా అభ్యంతరం.

హన్మకొండలో మా వీధిలో ఉండే ఒక తండ్రి మొన్న నా దగ్గరికి వచ్చి, "దవాఖానకు తీస్కపోతే కేసైతదా సారూ?" అని మెల్లగా అడిగాడు. ఆ భయంతోనే ఆయన కొడుకు వైద్యం కొన్ని నెలలుగా వాయిదా పడుతోంది. మాదకద్రవ్యాలను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, వ్యసనానికి లోనైన వ్యక్తి ప్రభుత్వ ఆస్పత్రిలోగాని, గుర్తింపు ఉన్న కేంద్రంలోగాని తనంతట తానుగా చికిత్సకు ముందుకొస్తే, వాడకానికీ స్వల్ప పరిమాణానికీ సంబంధించిన నేరాలపై విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ ఉంది. చికిత్సను మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు, అంతే. ఆయన ఆ మాట ఎన్నడూ వినలేదు. గంజాయి వాడితే ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చని చెప్పే 27వ సెక్షన్ సంగతి మాత్రం వీధిలో అందరికీ తెలుసు.

ఉత్తర తెలంగాణ వాళ్లం మనం మరచిపోకూడని సంగతి ఒకటుంది. 2015లో దాడులతో కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్ జిల్లాలో వణుకుతో, మూర్ఛలతో, పొంతన లేని మాటలతో ఎందరో ఆస్పత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపే అల్ప్రాజోలమ్ అనే మత్తుమందు కూడా ఇదే ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో ఉన్నదే. అయినా తాగినవాళ్లను నిందితులుగా చూడాలని ఎవరూ అనలేదు, వైద్యులు వాళ్లకు మందులిచ్చి కుదుట పరిచారు. వాళ్లలో చాలామంది అందులో ఏం కలిసిందో తెలియక తాగారు, నిజమే. గంజాయి మానినప్పుడు వచ్చే చిరాకు, నిద్రలేమి అంత ప్రాణాంతకమూ కావు. కానీ అలవాటు ఒంటిని పట్టుకున్నాక దాని నుంచి బయటపడే దారి పోలీసు స్టేషన్ గుండా పోదని అప్పుడు మనకు తెలిసింది, ఇప్పుడెందుకు తెలియడం లేదు?

మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జబ్బుగానే గుర్తించి, ప్రభుత్వ వైద్యం పొందడం హక్కని చెప్పింది. పోర్చుగల్ 2001 నుంచి, పది రోజుల వాడకానికి మించని మత్తు పదార్థంతో దొరికినవారిని కోర్టుకు కాక, న్యాయ, మానసిక, సామాజిక సేవల నిపుణులుండే కమిషన్ ముందుకు పంపుతోంది. అమ్మకం అక్కడ నేటికీ నేరమే. వ్యక్తిగత వాడకానికి దగ్గర ఉంచుకోవడాన్ని నేరాల జాబితా నుంచి తొలగించాలని 2018లో ఐక్యరాజ్యసమితి సంస్థలు ఉమ్మడిగా సూచించాయి. మన చట్టం మారడానికి ఎంతకాలం పడుతుందో గాని, 64ఏను అమలు చేయడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. ప్రతి జిల్లా ఆస్పత్రిలో వ్యసన విముక్తికి కొన్ని పడకలు, ఒక కౌన్సెలర్ ఉంటే, ప్రతి కళాశాల నోటీసు బోర్డు మీద ఆ సెక్షన్ తెలుగులో కనబడితే చాలు.

ఇక మీ చేతిలో ఉన్న పని: గంజాయి కేసు వార్త వేసిన ప్రతిసారీ దాని కిందే ఆ సెక్షన్ సారాంశాన్ని, జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446ను రెండు వాక్యాల్లో అచ్చు వేయండి. వాడకం కేసుల్లో ఆ ముసుగుల ఫొటోలు ఆపేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హన్మకొండ