మోటారు స్టార్టయ్యే క్షణంలో వోల్టేజీ కొలవండి: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పంక్చరు షాపులకు, మెకానిక్ షెడ్లకు, పెయింటింగ్ పనివాళ్లకు గాలి కంప్రెసర్లు బిగించి బాగుచేసే పని మాది. అప్పు చేసి కొన్న కొత్త కంప్రెసర్ షెడ్డులో దించిన రోజే మొరాయిస్తే, కొన్నవాడికి రెండు జవాబులు వస్తాయి. సర్వీసు మనిషి వచ్చి 'మీకు లో వోల్టేజీ, మెషీన్లో లోపం లేదు, గ్యారంటీ రాదు' అంటాడు. లైన్‌మన్ వచ్చి మీటరు పెట్టి '228 వోల్టులు ఉంది, మీ మోటారే పోయింది' అంటాడు. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. మోటారు ఆగి ఉన్నప్పుడు 228 ఉంటుంది. స్విచ్ వేసిన ఆ ఒక్క సెకనులో ఎంతకు దిగుతుందో ఎవరూ చూడరు. తేలాల్సింది మాత్రం అక్కడే.

చిన్న షాపుల్లో ఎక్కువగా వాడే 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు తిరుగుతున్నప్పుడు 9, 10 ఆంపియర్లు లాగుతుంది. కదలడం మొదలెట్టేటప్పుడు దానికి ఐదారు రెట్లు, అంటే 50 ఆంపియర్లు దాటుతుంది. ఆ సమయానికి వోల్టేజీ పడిపోతే మోటారు బలం అంతకంటే ఎక్కువగా పడిపోతుంది, ఎందుకంటే తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 230కి బదులు 180 అందితే మిగిలే బలం 61 శాతమే. 165 అయితే 51 శాతం. అప్పుడు కనిపించేది ఒకటే తీరు: మోటారు గుయ్యిమంటుంది, పుల్లీ అర చుట్టు కదిలి ఆగిపోతుంది, కాసేపటికి వైండింగ్ వార్నిష్ వాసన వస్తుంది, మోటారును కాపాడే ఓవర్‌లోడ్ బటన్ బయటికి తన్నుకొస్తుంది, లేదంటే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడిపోతుంది. ఆ బటన్ మళ్లీ మళ్లీ నొక్కితే ఒక్క పూటలో కొత్త వైండింగ్ కాలిపోతుంది.

ప్రతి కేసూ మీ శాఖ తప్పని మేం అనడం లేదు. ముందు షాపు వైపు చూడాలి. మేం ఎక్కువగా చూసే తప్పు సన్న ఎక్స్‌టెన్షన్ వైరు. 30 మీటర్ల పొడవున్న 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరులో పోయే తీగ, వచ్చే తీగ కలిపి నిరోధం దాదాపు 1.2 ఓమ్‌లు. 50 ఆంపియర్లకు ఆ వైరులోనే 60 వోల్టుల దాకా పోతుంది. అదే దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది 15 వోల్టులే. ప్లగ్గు, బోర్డు లేకుండా నేరుగా ఐసొలేటర్ (లైను పూర్తిగా తెంచే స్విచ్) నుంచి లైను ఇచ్చి, మోటారు స్టార్టింగుకు తట్టుకునే సీ రకం ఎంసీబీ పెడితే సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి.

తర్వాత మెషీను. కరెంటు పూర్తిగా తీసేసి పుల్లీని చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి చూడాలి. బిగుసుకుంటే ఆయిల్ అద్దం చూడాలి. కొన్ని మెషీన్లు ఆయిల్ పోయకుండానే వస్తాయి, పొడిగా తిప్పితే పిస్టన్ పట్టేస్తుంది. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు మేర దిగాలి; బిగువు మరీ ఎక్కువైనా మోటారు కదలదు. అసలు చప్పుడే లేకపోతే ప్రెజర్ స్విచ్ నాబు ఆటోలో ఉందా, ఓవర్‌లోడ్ బటన్ బయటికి వచ్చి ఉందా, సాకెట్లో కరెంటు వస్తోందా చూడాలి. ట్యాంకులో గాలి ఇప్పటికే నిండి ఉన్నా అది స్టార్టవ్వదు. అది లోపం కాదు.

ఇక ట్యాంకు కింది డ్రెయిన్ కాక్ తెరిచి గాలంతా వదిలేశాక మళ్లీ ఆన్ చేయాలి. ఖాళీ ట్యాంకుతో బాగానే తిరిగి, ఒకసారి నిండి ఆగాక మళ్లీ అందుకోలేకపోతే అన్‌లోడర్ (మెషీను ఆగగానే పిస్టన్ మీది గాలిని వదిలేసే భాగం) మీద అనుమానం పెట్టుకోవాలి. మంచి మెషీను ఆగగానే ప్రెజర్ స్విచ్ దగ్గర రెండు మూడు సెకన్లు సుయ్యిమని గాలి వదులుతుంది. ఆ చప్పుడు రాకపోతే గాలి పిస్టన్ నెత్తిన అలాగే నిలిచిపోయిందన్నమాట, మోటారు దాన్ని నెట్టలేకపోతుంది. చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంటే ట్యాంకు గాలి వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు లీకు. ఈ రెండూ కంపెనీ చూసుకోవాల్సినవే. ఖాళీ ట్యాంకుతోనూ మూలుగుతుంటే కెపాసిటరో (మోటారు లేవడానికి సాయపడే భాగం), వోల్టేజీయో. కెపాసిటర్ కరెంటు తీసేశాక కూడా చార్జి పట్టి ఉంటుంది గనుక ఎలక్ట్రీషియన్ చేతే మార్పించాలి, పాత దాని మీద రాసి ఉన్న మైక్రోఫారడ్లే వేయాలి. పెద్దది వేస్తే లేచి తిరుగుతుందని కొందరు చెప్పే సలహాతో వైండింగ్ పోతుంది.

కెపాసిటర్ బాగుంటే మిగిలేది వోల్టేజీ. దాన్ని తేల్చడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, మెయిన్ స్విచ్ దగ్గర ఒక మీటరు, మోటారు టెర్మినళ్ల దగ్గర ఇంకో మీటరు చాలు. ఒకరు స్విచ్ వేస్తుంటే ఇద్దరు రెండు అంకెలూ చదవాలి. మెయిన్ దగ్గర 218 నిలిచి మోటారు దగ్గర 170కి దిగితే వైరింగ్ మార్చుకోవాల్సింది షాపు యజమాని. మెయిన్ దగ్గరే 228 కాస్తా 165 అయితే లోపం మీ లైన్లో ఉంది: స్తంభం మీద వదులైన జంపరు (తీగల్ని కలిపే చిన్న వైరు), న్యూట్రల్ జాయింటు తుప్పు, సన్నబడ్డ సర్వీసు వైరు, ఒకే ఫేజు మీద పడ్డ లోడు, లేదా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మరీ దూరాన ఉన్న చివరి స్తంభం.

కాబట్టి అయ్యా, మా మనవి ఇది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు లో వోల్టేజీ ఫిర్యాదు వచ్చినప్పుడు లైన్‌మన్ మూడు అంకెలు రాసి, సంతకం చేసి, ఒక ప్రతి వినియోగదారుడికి ఇవ్వాలి: మోటారు ఆగి ఉన్నప్పుడు ఎంత, స్టార్టయ్యేటప్పుడు మెయిన్ దగ్గర ఎంత, మోటారు దగ్గర ఎంత. పగలు పదకొండింటికి కొలిచి సరిపెట్టకుండా, ఊరంతా లైట్లు, ఫ్యాన్లు వేసుకునే రాత్రి ఏడెనిమిది గంటలప్పుడు కూడా ఒకసారి కొలవాలి. ఇళ్లకు, షాపులకు వచ్చే ఎల్‌టీ (లో టెన్షన్) లైను వోల్టేజీ 6 శాతం కంటే ఎక్కువ తక్కువ కాకూడదని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాలు ఉన్నాయి. 230 లెక్కన చూస్తే అది సుమారు 216 నుంచి 244. స్టార్టింగులో ఒక క్షణం కొంత దిగడం సహజమే. అరవై వోల్టులు దిగితే మాత్రం లైను బలహీనమని అర్థం, దానికి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు పని తేదీ రాసివ్వాలి. ఆ కాగితం చేతిలో ఉంటే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికలో వాదన సూటిగా ఉంటుంది. వోల్టేజీ బాగానే ఉందని తేలితే అదే కాగితంతో కంపెనీని గ్యారంటీ అడగొచ్చు.

ఇంకొక్క మాట. 3 హెచ్‌పీ దాటిన మోటారుకు త్రీ ఫేజ్ అడిగిన షాపుకు త్వరగా ఇప్పించండి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకు 2024లో చేసిన సవరణ కనెక్షన్ ఇవ్వడానికీ మార్చడానికీ మెట్రోల్లో 3 రోజులు, మునిసిపాలిటీల్లో 7, గ్రామాల్లో 15 రోజుల గడువు పెట్టింది. త్రీ ఫేజ్ ఇచ్చిన రోజే మూడు ఫేజులూ సమానంగా వస్తున్నాయో లేదో లోడు మీద చూసి మరీ మీటరుకు సీలు వేయమని మీ సిబ్బందికి ఆదేశించండి. ఒక ఫేజు పోయినా త్రీ ఫేజ్ మోటారు అలాగే మూలిగి కాలిపోతుంది.

ఇట్లు,
కంప్రెసర్లు బిగించే, బాగుచేసే మెకానిక్కులు