గేట్లు ఎవరు ఎత్తారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం మీ పత్రికలో ధ్రువకాంతుల మీద, అంటే ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగుల మీద, వచ్చిన వార్త చదివాను. ఫొటో చాలా బాగుంది, కానీ దాని కింద రాసింది తప్పు. సూర్యుడి నుంచి వచ్చే కణాలు నేరుగా ధ్రువాల మీద పడి ఆకాశాన్ని వెలిగిస్తాయని రాశారు. విజయవాడలో హైస్కూలు పిల్లలకు సైన్స్ చెప్పే నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే రేపు పరీక్షలో వాళ్లు ఇదే రాస్తారు, తప్పంటే పేపర్లో ఉంది కదా టీచర్ అంటారు.

అలా నేరుగా పడే కణాలు కొన్ని ఉన్న మాట నిజమే. కానీ అంతా అదే అయితే పగటి వైపు వెలగాలి కదా, మరి పెద్ద వెలుగులన్నీ అర్ధరాత్రి వైపు ఎందుకొస్తున్నాయి? సౌరపవనంతో, అంటే సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల ప్రవాహంతో, వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉన్నప్పుడు భూమి క్షేత్రంతో ముడిపడుతుంది, అప్పుడు లోపలికొచ్చిన శక్తి సూర్యుడికి అవతలి వైపు, చంద్రుడి కక్ష్యను కూడా దాటి సాగే పొడవాటి అయస్కాంత తోకలో పోగవుతుంది. ఇది మన పిల్లలకు చెప్పడానికి ప్రకాశం బ్యారేజీ చాలు. ఎగువ నుంచి నీళ్లొస్తుంటాయి, మట్టం పెరుగుతుంటుంది, దిగువన మాత్రం ఇసుక తిన్నెలే కనిపిస్తాయి, గేట్లు ఎత్తేదాకా. అక్కడా అంతే. ఓ గంటసేపు తోక నిండుతుంటే ఉత్తర ధ్రువం వైపు ఆకాశంలో సన్నటి కాంతి చారలు మెల్లగా దక్షిణానికి జరుగుతుంటాయి, ఉన్నట్టుండి అన్నిటికంటే దక్షిణాన ఉన్న చార భగ్గుమని నిమిషాల్లో ఉత్తరానికీ పడమరకూ పాకిపోతుంది. దీన్నే సబ్‌స్టార్మ్ అంటారు, ఈ క్రమాన్ని 1964లో అకసోఫు అనే శాస్త్రవేత్త వివరించారు.

మరి గేటు ఎత్తింది ఎవరు? శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకున్నది దీని మీదే. తోకలో భూమికి 60 వేల కిలోమీటర్ల దగ్గర విద్యుత్ ప్రవాహం తెగడంతో మొదలవుతుందని కొందరు, కాదు, దానికి రెట్టింపు దూరంలో అయస్కాంత రేఖలు తెగి మళ్లీ అతుక్కోవడంతో మొదలవుతుందని ఇంకొందరు. ఏది ముందో తేల్చడానికి 2007లో నాసా థెమిస్ పేరుతో 5 ఉపగ్రహాలు పంపింది. 2008 ఫిబ్రవరి 26న దొరికిన సబ్‌స్టార్మ్‌లో ముందు దూరాన రేఖలు తెగాయి, సుమారు నిమిషంన్నరకు ఆకాశం వెలిగింది, దగ్గర విద్యుత్ ప్రవాహం తెగడం ఆ తర్వాతే జరిగింది. అయినా వాదన ఆగలేదు! పిల్లలకు చెప్పాల్సింది ఇది కాదా? సైన్స్ అంటే ఒక వాక్యం జవాబు అనుకుంటున్నారు వాళ్లు.

ఇది మనకు సంబంధం లేని సంగతి కూడా కాదు. 1989 మార్చి 13న ఇలాంటి అలజడికే కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మందికి 9 గంటలు కరెంటు పోయింది. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న వెళ్లిన ఆదిత్య ఎల్1 ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి, సౌరపవనంతో వచ్చే ఆ అయస్కాంత క్షేత్రం ఎటు తిరిగి ఉందో కొలుస్తోంది. ఆ దిక్కు ఎందుకు ముఖ్యమో ఒక్క తెలుగు వార్తలోనూ నాకు కనిపించలేదు.

దయచేసి వచ్చే ఆదివారం సవరణ వేయండి. తోక బొమ్మ కూడా వేయించండి, సూర్యుడు ఎటువైపు ఉన్నాడో బాణం గుర్తు పెట్టించండి. కత్తిరించి మా క్లాసు గోడకు అంటిస్తాను.

ఒక సైన్స్ టీచర్,
సత్యనారాయణపురం, విజయవాడ